లయగణనము: చేతి ఘాతమునుండి నిమిషసంఖ్య వఱకు

తాళము వేయుట మన సంగీతవిద్యలో ప్రథమపాఠము. గాయకుడు పాడుచుండగా శ్రోత తొడపై చేయి తట్టుచు, వ్రేళ్ళు లెక్కించుచు ఆవర్తము ననుసరించును. ఈ ఘాతములు లయ సమముగా నున్నదో లేదో తెలుపును. నిమిషమునకు ఎన్ని ఘాతములు పడినవో తెలుపవు. ఆ సంఖ్యను సాధింపవలెనను కోరిక ఎట్లు పుట్టినది, దానివలన మన సంగీతచరిత్రకు కలుగు ప్రయోజన మెట్టిది యను విషయములను ఇందు పరిశీలింపదలచితిమి.

మన శాస్త్రకారులు కాలప్రమాణమును ఉపేక్షింపలేదు. నాట్యశాస్త్రము ఐదు నిమేషముల కాలమును సంగీతమందలి మాత్రగా చెప్పినది. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవరాజగు సింఘణుని ఆశ్రయమున నుండిన శార్ఙ్గదేవుడు, ఐదు లఘ్వక్షరముల నుచ్చరించు కాలమును ప్రమాణముగా గ్రహించెను. ఒకటి కంటి ఱెప్పపాటు, మఱియొకటి నోటి పలుకు. రెండును మనుష్యదేహమునుండి గ్రహింపబడినవే. ఈ మాత్రలను ప్రకటించుటకు సశబ్దక్రియలు నాలుగు, నిశ్శబ్దక్రియలు నాలుగు ఏర్పడినవి. ద్రుతమునకు మధ్యము రెండింతలు, మధ్యమునకు విలంబితము రెండింతలు అని లయభేదములు చెప్పబడినవి. ఇది నిష్పత్తి ప్రధానమైన మానము. గురుముఖమున విద్య సాగినంతకాలము, పాట యొక్క నడక గురువు చేతినుండి శిష్యుని చేతికి సంక్రమించినది కావున, దానిని అంకెలలో వ్రాయవలసిన అవసరము కలుగలేదు.

ఐరోపాలోను మొదట దేహమే ప్రమాణమయ్యెను. 1752లో క్వాంట్స్ అను వేణువాదకుడు తన గ్రంథమున ఆరోగ్యవంతుని నాడిని ఆధారముగా గొని, నిమిషమునకు సుమారు 80 స్పందనములని నిర్ణయించి, వివిధ గతులను దానితో ముడిపెట్టెను. అంతకు పూర్వమే, 1696లో, ఫ్రాన్సు దేశీయుడగు లూలియే లోలకముతో నొక సాధనమును వర్ణించియుండెను. త్రాడు పొడవును మార్చినచో ఊపు వేగము మారును. ఆ పొడవే గతికి గుర్తు. 1814లో ఆమ్‌స్టర్‌డాము నగరమున వింకెల్ రూపొందించిన లోలకయంత్రమునకు మెల్జెల్ అంకెల పట్టికను చేర్చి, 1815లో తన పేర హక్కు పొందెను. అదియే మెట్రోనోము. 1817లో బీథోవెన్ తన ఎనిమిది సింఫనీలకు ఆ యంత్రసంఖ్యలను ప్రకటించెను. అయినను ఆ సంఖ్యలలో కొన్ని మిక్కిలి త్వరితములని వాదములు నేటికిని సాగుచునే యున్నవి. కాగా అంకె యున్నంత మాత్రమున వివాదము తీరదని స్పష్టము.

యంత్రము లేకున్నను, చేతి ఘాతముతో గడియారమును జోడించి లయసంఖ్యను సాధింపవచ్చును. ఇందు లెక్కింపవలసినది ఘాతములను కాదు, వాని నడిమి అవకాశములను. ఆదితాళమున అక్షరమునకొక ఘాత చొప్పున రెండావర్తములు తట్టి, మూడవ ఆవర్తపు సమమున నిలిపితి మనుకొందము. ఘాతములు 17, అవకాశములు 16. ఇందుకు 12 సెకండ్లు పట్టినచో, నిమిషమునకు 80 అక్షరములు. 17ను గుణించినచో 85 వచ్చును, అది దోషము. చేయి సెకండులో పదియవ వంతు తడబడినదనుకొందము. ఒక్క అవకాశమునే కొలిచినచో నూటికి 13 వంతుల దోషము కలుగును. పదునాఱింటిని కొలిచినచో నూటికి ఒక వంతుకు లోబడును. కావున దీర్ఘముగా తట్టుటయే శ్రేయస్కరము. నేటి సాధనములు తట్టగానే సంఖ్యను చూపుచున్నను వాని మూలసూత్ర మిదియే.

ఈ పద్ధతిని పాత గ్రామఫోను పలకలకు అన్వయించునపుడు రెండు జాగ్రత్తలు అవసరము. 1902లో కలకత్తాలో ఆరంభమైన ముద్రణముల నాటినుండి చిరకాలము పలక యొక్క ఒక ముఖమున సుమారు 3 నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. విలంబకాలమున విస్తరించు కృతిని గాయకులు కుదించియో, త్వరపఱచియో యుండవచ్చును. రెండవది, తొలినాటి పలకలన్నియు ఒకే వేగమున ముద్రితములు కాలేదు. 74 భ్రమణములతో ముద్రించిన పలకను 78తో తిప్పినచో 80 అక్షరముల లయ 84కు మించును. శ్రుతియు ఇంచుమించు అర్ధస్వరము హెచ్చును. లయయు శ్రుతియు ఒక్కపెట్టున మారును గనుక, గాయకుని శ్రుతిని వేఱొక ఆధారముచే నిర్ణయించిన పిమ్మటనే లయసంఖ్యను విశ్వసింపవలెను.

1904లో ఎట్టయపురమున తెలుగులిపిలో వెలువడిన సుబ్బరామ దీక్షితుల సంగీతసంప్రదాయప్రదర్శిని స్వరములను, గమకములను, తాళమును ఎంతో శ్రద్ధతో గుర్తించినది. నిమిషసంఖ్యను మాత్రము చెప్పలేదు. ఇది లోపమని మేము తలంపము. ఆ గ్రంథమును చదువువాడు సంప్రదాయము నెఱిగినవాడను విశ్వాసమే దానికి కారణమై యుండును. అట్టి పాఠకులు తగ్గుచున్నకొలది, నేటి వృద్ధవిద్వాంసులు పాడు నడకను కొలిచి వ్రాసియుంచుట అత్యవసరమగుచున్నది. అయితే 20వ శతాబ్దపు పలకనుండి లభించిన సంఖ్యను 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదమునకు ప్రమాణముగా నారోపించుట తగదు. ఆ సంఖ్య ఒక గాయకుడు ఒకనాడు పాడిన తీరునకు మాత్రమే సాక్ష్యము. ఆ పరిమితి నెఱిగి గ్రహించినచో చేతి ఘాతము చరిత్రకారునకు నమ్మదగిన పరికరమే యగునని మా యభిప్రాయము.