రేపు వాన రావచ్చు, రాకపోవచ్చు

మా బామ్మకి రేడియో మీద ఎంత గురో, అందులో వచ్చే వాతావరణ సూచన మీద అంత చిన్నచూపు. "కోస్తాలో అక్కడక్కడ జల్లులు పడవచ్చు" అని వినబడితే చాలు, "అయితే ఇవాళ వడియాలు పెట్టుకోవచ్చర్రా" అంటూ మేడెక్కేది. ఆ వెటకారం మా ఇంటిల్లిపాదికీ ఆస్తిలా సంక్రమించింది. నాకు మాత్రం ఆ శాఖ పుట్టుపూర్వోత్తరాలు చదివాక నాలిక కరుచుకోవలసి వచ్చింది.

1864 అక్టోబరు 5న కలకత్తా మీద పెద్ద తుఫాను విరుచుకుపడింది. హుగ్లీ నదిలో ఓడలు లంగర్లు తెంచుకుని ఒడ్డెక్కాయి. పోయినవాళ్లు 60,000 మంది ఉంటారని అంచనా. నెల తిరక్కుండా, నవంబరు 1న, మన బందరు వంతు వచ్చింది. ఉప్పెన ఊళ్లోకి వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. వస్తోంది జాగ్రత్త అని చెప్పే ఏర్పాటు రెండుచోట్లా లేదు.

అలాగని చెప్పగల మనిషే లేడనుకునేరు! కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అని ఒక పాత ఓడ కెప్టెన్ ఉండేవాడు. ఓడల దినచర్య పుస్తకాలు పోగేసి తుఫానుల నడక చదివేవాడు. పాము చుట్ట చుట్టుకున్నట్టు గాలి తిరుగుతుంది కదా అని, గ్రీకు మాటలోంచి 'సైక్లోన్' అనే పేరు 1840లలో సృష్టించింది ఆయనే. కలకత్తాకి దగ్గర్లో మాట్లా నది మీద కొత్త రేవు కడదామని దొరలు ఉబలాటపడుతుంటే, అక్కడ కడితే ఏదో ఒకనాడు ఉప్పెన ముంచుతుందని 1853లో గవర్నర్ జనరల్‌కి లేఖ రాశాడు. చాదస్తం అనుకున్నారో ఏమో, రేవు కట్టనే కట్టారు. ఆయన 1858లో పోయాడు. 1867 తుఫాను ఆ రేవుని పాడుపెట్టింది.

1864 దెబ్బకి జడిసి మరుసటేడే కలకత్తా రేవుకి తుఫాను హెచ్చరికలు మొదలెట్టారు. అవి దేశంలోని రేవులన్నిటికీ అందేసరికి 1886 వచ్చింది. సరుకు దిగే ఊరికి ముందు, జనం మునిగే ఊరికి తర్వాత! ఈమధ్యలో 1866లో ఒరిస్సా కరువు. ఉప్పెనలూ కరువులూ కలిసి తరుముకొస్తే 1875లో మన వాతావరణ శాఖ పుట్టింది. దాని మొదటి అధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. చదివింది భూగర్భశాస్త్రం, పడ్డది ఆకాశం పాలు.

ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చునేలోగానే 1876లో ధాత కరువు వచ్చిపడింది. రాయలసీమ పెద్దలు ఆ పేరు మొన్నమొన్నటి దాకా తలుచుకునేవారు. వాన రానిదీ ముందే చెప్పగలవా అని ప్రభుత్వం బ్లాన్‌ఫర్డ్‌ని పట్టుకుంది. ఆయన హిమాలయాల వంక చూశాడు. ఎండాకాలానికి ముందు అక్కడ మంచు ఎక్కువ కురిస్తే ఆ ఏడు నైరుతి వానలు తగ్గుతున్నట్టు తోచింది. 1882 నుంచి నాలుగేళ్లు పరీక్షగా చెప్పి చూశాడు. ఫరవాలేదనిపించాక 1886 జూన్ 4న మొదటి అధికారిక సూచన వెలువడింది.

తరువాత వచ్చిన జాన్ ఇలియట్ మంచుతో ఆగలేదు. మరికొన్ని ప్రాంతాల గాలినీ పీడనాన్నీ కూడా లెక్కలోకి తెచ్చాడు. సూచన పేజీలకు పేజీలు పెరిగింది. తీరా 1899లో వానలు బాగుంటాయన్నాడు. వానలు మొహం చాటేశాయి. దేశం భయంకరమైన కరువులో పడింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. పోయవూ మరి! ఆ మాట నమ్మి విత్తనాలు చల్లిన రైతు ఎవరైనా ఉంటే అతని సంగతేమిటి? ఆ తర్వాత కొన్నేళ్లపాటు సూచనల్ని బయటికి పొక్కనివ్వకుండా ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకుంది. ఇదీ మనకి తెలిసిన ఆఫీసు పద్ధతే.

1904లో గిల్బర్ట్ వాకర్ వచ్చాడు. కేంబ్రిడ్జి గణితశాస్త్రజ్ఞుడు. విసిరితే వెనక్కి వచ్చే బూమరాంగ్ మీద పరిశోధన చేసినవాడు. వాతావరణంలో మాత్రం ఓనమాలు రావు. (అన్నట్టు, 1913లో మద్రాసులో రామానుజన్ లెక్కలు చూసి, ఈ కుర్రాడికి ఏదైనా చెయ్యండని యూనివర్సిటీకి రాసినవాళ్లలో ఈయనొకడు.) వాన ఎందుకు వస్తుందో తేల్చడం తన వల్ల కాదనుకుని, ప్రపంచంలో ఎక్కడెక్కడి అంకెలో తెప్పించి, దేనికి దేనితో పొత్తు కుదురుతుందో చూడమని గుమాస్తాల్ని కూర్చోబెట్టాడు. కంప్యూటర్లు లేని రోజులు. కాగితం, కలం, మనిషి మెదడు. ఏళ్లతరబడి కూడికలూ గుణకారాలూ! ఆ గుమాస్తాల్లో చాలామంది మనవాళ్లే.

వాకర్ 1924లో వెళ్లిపోయేనాటికి కరువుని ఖాయంగా ముందే చెప్పే సూత్రం చిక్కలేదు. చిక్కింది ఇంకొకటి. పసిఫిక్ సముద్రం మీద గాలి పీడనం హెచ్చితే హిందూ సముద్రం మీద తగ్గుతుంది, అక్కడ తగ్గితే ఇక్కడ హెచ్చుతుంది. త్రాసు పళ్లాల్లాగ. దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. కారణం చెప్పలేదని అప్పట్లో కొందరు పెదవి విరిచారు. 1960లలో బెర్క్‌నెస్ అనే శాస్త్రజ్ఞుడు పసిఫిక్ నీళ్లు వేడెక్కే ఎల్‌నినోకీ ఈ త్రాసుకీ ముడి వేసి చూపించాడు. అప్పటికి వాకర్ పోయి కొన్నేళ్లయింది.

ఇప్పుడు వేసవి వచ్చిందంటే మా ఊరి ఎరువుల కొట్టు అరుగు మీద కూడా ఎల్‌నినో మాటే. వాకర్ పేరు ఎత్తితే మాత్రం, ఏ కంపెనీ మందండీ అది అని అడుగుతారు.