ఉత్కళ తీరాంధ్రులు - తుపాననంతర వైద్యము

తుపానుల చరిత్ర వ్రాయువారు గాలివేగమును, ఉప్పెన యెత్తును, మృతుల సంఖ్యను చెప్పి విరమింతురు. గాలి శమించిన పిమ్మట మొదలగు వ్యాధుల కథను వారు సాధారణముగా తడవరు. గంజాము తీరము మొదలు పూరీ, పారాదీపుల వరకు తెలుగు మాటలాడు జాలరులు పెక్కు తరములనుండి నివసించుచున్నారు. ఒడియావారు వీరిని నోళియాలందురు. సముద్రము పొంగినపుడు ముందుగా మునుగునవి వీరి గుడిసెలే గావున ఆ కథతో వీరికి సంబంధము మెండు.

1999 అక్టోబరు 17వ తేదీన గోపాలపురము చెంత నొక తుపాను తీరము దాటి గంజాము మండలమును దెబ్బతీసెను. పండ్రెండు దినములకే, 29వ తేదీన, పారాదీపు సమీపమున మహాతుపాను విరుచుకుపడెను. ప్రభుత్వపు లెక్క ప్రకారమే దాదాపు పదివేలమంది మరణించిరి. వారిలో అత్యధికులు జగత్సింగుపుర మండలమువారు, అందును ఎర్సమా ప్రాంతమువారు. నూతులలో ఉప్పునీరు, చెరువులలో పశువుల కళేబరములు! అట్టిచోట శస్త్రచికిత్సకంటె నీటిని శుద్ధిచేయుటయే ముఖ్యమైన వైద్యము. అయినను కలరా పొడచూపెను. ఎలుకల మూత్రముతో చెడిన నీటివలన సోకు లెప్టోస్పైరోసిస్ జ్వరమును గూడ పరిశోధకులు అచ్చట గుర్తించిరి.

కలరా చికిత్సకు మార్గము చూపినది తుపాను కాదు, యుద్ధము. 1971లో తూర్పు బెంగాలునుండి తరలివచ్చిన శరణార్థులలో కలరా ప్రబలగా, బనగాఁవ్ ఆసుపత్రిలో సెలైను సీసాలు చాలలేదు. డాక్టరు దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి ముప్పదివరకున్న మరణములు నాలుగింటికి లోపుగా తగ్గెను. సూదిమందు వైద్యుని చేతిలోనిది; ఈ మందు తల్లి చేతిలోనిది. ఈ భేదమును చరిత్రకారులు తగినంత గుర్తింపలేదని నా యభిప్రాయము.

తల్లి చేతికి వచ్చిన మందును తల్లి భాషలో చెప్పవలెను గదా! లీటరు నీటిలో కలుపవలసిన పొట్లమును ఒక గ్లాసెడు నీటిలో కలిపినచో ఉప్పు మించి బిడ్డకు ముప్పు వాటిల్లును. క్లోరిను మాత్ర వేసిన నీటిని అరగంట నిలువయుంచవలెనన్న మాటయు నట్టిదే. వీనిని ఒడియాలో వినిపించినంతమాత్రమున నోళియా వాడలలోని వృద్ధ స్త్రీలకు తెలియునని తలచుట తగదు.

2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురము వద్దనే తీరము దాటెను. 1999 నేర్పిన పాఠము వృథాపోలేదు: దాదాపు పదిలక్షలమందిని ముందే తరలించిరి, మృతుల సంఖ్య పదులలోనే నిలిచెను. అయితే ఆశ్రయమిచ్చు కట్టడములో వేలమంది గుమిగూడినపుడు నీటికుండ, మరుగుదొడ్డి మరల ప్రాణసంకటములగును. అచ్చటి ఆరోగ్య కార్యకర్తలలో తెలుగెరిగినవా రొకరైన నుండవలెనని గంజాము, పూరీ మండలముల అధికారులకు మన సంఘములు విన్నవింపవలసియున్నది. ఇప్పుడు ఆ పనిని చాలచోట్ల బడిపిల్లలే చేయుచున్నారు. పొట్లముమీది యక్షరములను కూడబలుకుకొని చదివి, ఎంత నీరో అవ్వకు తెలుగున చెప్పుచున్నారు.