ఉత్తరాంధ్ర నిర్మాణరంగంలో ఇంధన పొదుపు శిక్షణ: చారిత్రక పరిశీలన

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరగ్రామాలలో ఒకప్పుడు చుట్టిళ్లు విరివిగా ఉండేవి. మందమైన మట్టిగోడ ఎండవేడిని త్వరగా లోనికి చేరనిచ్చేది కాదు. కిందికి వంగిన తాటాకు చూరు గోడకు నీడనిచ్చేది. గుండ్రని ఆకృతి తుఫానుగాలి తాకిడిని తగ్గించేది. ఈ పరిజ్ఞానం పనిలోనే తరతరాలకు అందింది.

కాంక్రీటు శ్లాబు వ్యాప్తితో నిర్మాణ నిర్ణయాలు ఇంటివారి నుంచి, పనివారి నుంచి గుత్తేదారులకు, ఇంజనీర్లకు మారాయి. కాని పాత పరిజ్ఞానం వారికి ఆ విధంగా సంక్రమించలేదు. ఆ లోటును పూరించవలసినది శిక్షణే. 1998లో హైదరాబాదులో జాతీయ నిర్మాణ అకాడమీ (న్యాక్) ఏర్పడింది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టాన్ని అనుసరించి 2007లో ఇంధన పొదుపు భవన నియమావళి వెలువడింది. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దానిని రాష్ట్ర పరిస్థితులకు అనుగుణంగా స్వీకరించింది.

అయితే ఆ నియమావళి ప్రధానంగా పెద్ద వాణిజ్య భవనాలను ఉద్దేశించినది. నివాస భవనాల గోడలు, కప్పు, కిటికీలకు సంబంధించిన ‘ఎకో నివాస్ సంహిత’ 2018లో గాని రాలేదు. చిన్న పట్టణాలు, గ్రామాలే అధికంగా గల ఈ జిల్లాలలో పెద్ద భవనాలు కొద్దే. కనుక ఇక్కడ నియమావళి కంటె నిర్మాణ నిర్వాహకుని అవగాహనే నిర్ణాయకం. ఇంటి దిశ, కిటికీ నీడ, కప్పుపై ఉష్ణనిరోధక పొర పునాది దశకు ముందే యోచించవలసినవి. కట్టడం పూర్తయ్యాక దిశను మార్చలేరు, తక్కినవాటిని సవరించడం ఖర్చుతో కూడినది. ఆ నిర్ణయం తీసుకొనే వ్యక్తికి శిక్షణ అందనంతకాలం, ఆ లోపానికి మూల్యాన్ని నివాసులే విద్యుత్ బిల్లులలో చెల్లిస్తారు.