నిలిచినవాళ్ల లెక్క

తెలుగు క్రైస్తవ చరిత్రలో అందరికీ నోటికి వచ్చిన తేదీ 1878 జూలై 3. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువులో గంజి కోసం కలిశారని ఎకసెక్కం చేసేవాళ్లు, కరువు పని సాగినన్నాళ్లూ మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపేసిన సంగతిని దాటేస్తారు. ఆత్మ కుమ్మరింపు అని పొగిడేవాళ్లూ ఆ ఒడ్డు దగ్గరే ఆగిపోతారు. మునిగి లేచినవాళ్లు ఊరికెళ్లి ఎలా బతికారన్నది ఇద్దరికీ పట్టలేదు.

నిజాం రాజ్యంలోని మెట్ట తాలూకాలలో ఈ ప్రశ్న మరీ గట్టిది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాలమూరుకు 1885లో వచ్చింది. రష్యా సామ్రాజ్యంలోని మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు పంపిన అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్లగొండలో కేంద్రం తెరిచాడు. తర్వాత సూర్యాపేట. అమెరికా మెన్నోనైట్లు 1899 నుంచి వచ్చి నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి పట్టుకున్నారు. ఇంతవరకు మిషన్ చరిత్రలన్నీ చెప్పేదే.

అవి పొడిపొడిగా దాటేసేది 1914 తర్వాతి కాలాన్ని. యుద్ధం వచ్చింది, దాని వెంట 1917 విప్లవం. నల్లగొండకు రష్యా చందాలు ఆగిపోయాయి. మధ్యలో 1918 ఇన్‌ఫ్లుయెంజా. 1922 నాటికి చందాలు పంపిన మెన్నోనైట్ ఊళ్లే కరువులో మాడి, అమెరికా సోదరులు పెట్టిన గంజి కేంద్రాల ముందు వరుస కట్టాయి. వాళ్లను మాత్రం ఎవరూ గంజి క్రైస్తవులనలేదు.

డబ్బు కోసమే చేరినవాళ్లయితే నల్లగొండ వాడల్లో సంఘాలు అప్పుడే చెదిరిపోవాలి. చెదరలేదు. అమెరికన్ బాప్టిస్టులు ఆదుకున్నారు కాబట్టి, అవి పూర్తిగా తమ కాళ్ల మీదే నిలిచాయనీ అనలేం. జారిపోయినవాళ్లూ ఉన్నారు. పైగా మిషన్ నివేదికలు దాతల కోసం రాసినవి. వాటిలో మిషనరీ దొరలకు పేర్లుంటాయి, ఊరి ఉపదేశకులు, బైబిలు స్త్రీలు చాలాచోట్ల అంకెల్లో కలిసిపోతారు.

నా మటుకు నాకు అసలు దన్ను బంధుత్వమే అనిపిస్తుంది. ఇక్కడ మతం మారినవాళ్లు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలు, తరచు చుట్టరికాల వెంట కలిసినవాళ్లు. జాతరలో డప్పు కొట్టననీ, ఆదివారం వెట్టికి రాననీ ఒంటరిగా అన్నవాడిని దొర గడీ ఒక్కరోజులో లొంగదీస్తుంది. వాడంతా అంటే పటేలుకైనా కొంచెం ఆలోచన తప్పదు. పగలు పని కనుక ప్రార్థన రాత్రి. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి విడిగా దాస్తుంది, ఆదివారం అది కానుక. మిషన్ కుటుంబంలోనే పుట్టిన మానవశాస్త్రవేత్త పాల్ హీబర్ట్ పాలమూరు జిల్లాలోని కొండూరు మీద 1971లో తెచ్చిన పుస్తకం, ఊరి బతుకును కులం, చుట్టరికం ఎంతగా అల్లుకున్నాయో చూపింది. క్రైస్తవుల గుడి ఆ అల్లికకు బయట ఉందనుకోను. దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది. నిలబెట్టిన ఆ కులబంధమే తర్వాత సంఘాల్లో మాల, మాదిగ పక్షాలుగా చీలింది.

రజాకార్లు, సాయుధ పోరాటం, పోలీసు చర్య దాటాక 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. ఇప్పుడు తెలంగాణలో ఎస్సీలకు 15 శాతం, మతం మారిన ఎస్సీలు చేరే బీసీ-సీకి 1 శాతం. అందుకే ధ్రువపత్రంలో హిందువు, ఆదివారం గుడిలో సంఘస్థుడు. దీన్ని కపటమనడం తేలిక. వెట్టి కాలంలోలాగే బతుకూ విశ్వాసమూ రెండూ వదలకూడదనుకున్నవాళ్ల తంటాగానే నేను చూస్తాను.

నేటి ప్రసంగాల్లో శోధన అంటే వీసా రాకపోవడం, పెళ్లి కుదరకపోవడం, దీవెన ఆలస్యమవడం. బొంబాయి పనులకు వలసపోయిన పాలమూరు కుటుంబాల ఖాళీ బల్లలు, కాగితం మీద దాగిన పేర్లు ఆ ప్రసంగాల్లో అరుదు. పాత మిషన్ కాంపౌండు భూముల మీద కోర్టుకెక్కిన పెద్దలకు వాటిని తలచే తీరిక ఉన్నట్టు లేదు.