మూత్రం తిరిగొచ్చిన తరువాత

మూత్రపిండాలు గంటల్లోనో రోజుల్లోనో వడపోత శక్తిని కోల్పోయే స్థితిని నేటి వైద్యులు అక్యూట్ కిడ్నీ ఇంజురీ అంటారు. దీనికి చికిత్స 1940ల నుంచే రూపుదిద్దుకున్నా, కోలుకున్న రోగిని ఇంటికి పంపాక కూడా కనిపెట్టి చూడాలన్న పద్ధతి చాలా ఆలస్యంగా పుట్టింది.

1941లో, లండన్‌పై బాంబుదాడుల కాలంలో, శిథిలాల కింద నలిగి ప్రాణాలతో బయటపడినవారు కొద్ది రోజులకే మూత్రం బందై మరణించడాన్ని వైద్యులు బైవాటర్స్, బీల్ వర్ణించారు. వారు ప్రకటించిన నలుగురిలో ఒక్కరూ దక్కలేదు. 1945లో నెదర్లాండ్స్‌లోని కాంపెన్‌లో వైద్యుడు విల్లెం కోల్ఫ్, రక్తాన్ని సెల్లోఫేన్ గొట్టాల గుండా పంపి మలినాలను తొలగించే డయాలసిస్ యంత్రంతో 67 ఏళ్ల మహిళను బతికించారు. 1952లో కొరియా యుద్ధరంగంలో, వోంజు వద్ద అమెరికా సైన్యం నెలకొల్పిన డయాలసిస్ కేంద్రం గాయపడిన సైనికుల మరణాలను బాగా తగ్గించింది.

బతికినవారంటూ ఉన్నాకే వారి భవిష్యత్తు ప్రశ్న అయింది. 1952లో లోవ్ అనే వైద్యుడు 14 మందిని, 1956లో బోస్టన్ వైద్యులు ఫింకెన్‌స్టాట్, మెరిల్ 16 మందిని తిరిగి పరీక్షించారు. రెండవ పరిశీలనలో చాలామందికి వడపోత పూర్వస్థితికి చేరలేదని తేలింది. అయినా ఆ మాట ఆచరణగా మారలేదు. మూత్రనాళికల కణాలు మళ్ళీ పుట్టుకొస్తాయని తెలిసి ఉండటం, మూత్రం ధారాళంగా రావడాన్నే స్వస్థతగా లెక్కించడం, నాటి రోగుల్లో సైనికులు, బాలింతలు వంటి పడుచువారు ఎక్కువగా ఉండి, వారి మూత్రపిండాల్లోని అదనపు శక్తి నష్టాన్ని కప్పిపుచ్చడం ఇందుకు కారణాలు కావచ్చు.

తరువాతి దశాబ్దాల్లో రోగి మారాడు: మధుమేహం, రక్తపోటు ఉన్న వృద్ధులు ఐసీయూల్లో ఈ జబ్బు పాలయ్యారు. వేలాది ఆసుపత్రి రికార్డులను కంప్యూటర్లతో పోల్చి చూడగా, కోలుకున్నవారిలోనూ దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ముప్పు పెరుగుతోందని కనబడింది. 2012లో కేడీఐజీఓ అనే అంతర్జాతీయ సంస్థ, ఇలాంటి రోగులను 3 నెలల తరువాత మళ్ళీ పరీక్షించాలని మార్గదర్శకాల్లో చేర్చింది. ఆ పరీక్షలో ఒక మాయ ఉంది: మూత్రపిండాల పనితీరుకు కొలమానమైన, కండరాల నుంచి పుట్టే క్రియాటినిన్, జబ్బుతో కండ కరిగినవారి రక్తంలో తక్కువగా కనిపించి, మూత్రపిండాలు నిజానికన్నా బాగున్నట్టు భ్రమింపజేస్తుంది. అందుకే మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందన్నదీ చూస్తారు.

భారతదేశంలో చండీగఢ్‌కు చెందిన కె. ఎస్. చుగ్, పాముకాటు, ప్రసూతి చిక్కుల వల్ల కలిగే ఈ జబ్బును దశాబ్దాలపాటు అధ్యయనం చేశారు. తెలుగు పల్లెల్లోనూ పాముకాటు పొలం పని చేసేవారి ముప్పే. కాటు విషం తగ్గి మూత్రం వచ్చిన కూలీకి, 3 నెలల తరువాతి పరీక్ష అంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ వదులుకుని, ఏ బాధా లేని ఒంటితో పట్టణానికి మళ్ళీ వెళ్ళడమే.