ఉలి నుంచి వజ్రపు మొన దాకా: డోర్నకల్ చర్చి సాక్షిగా రాతి పనిముట్ల చరిత్ర

ఉపోద్ఘాతం

శిల్పచరిత్ర రచనలో రాజు, దాత, శైలి, కాలం చర్చకు వచ్చినంతగా పనిముట్టు రాలేదు. ఈ లోటు చిన్నదిగా కనిపించినా దాని ఫలితం పెద్దది. పాలంపేట రామప్ప గుడి (1213) మదనికల నగల నడుమనున్న సన్నని రంధ్రాలను చూపి, యంత్రం లేనిదే అవి అసాధ్యమనే మాట తరచు వినబడుతోంది. తరగతిగదిలో విద్యార్థులూ ఇదే అడుగుతున్నారు. నేటి శిల్పుల చేతిలోని వజ్రపు పూత మొనల పూర్వచరిత్రను పరిశీలించి ఈ ప్రశ్నకు సమాధానం వెదకడం, పాత కట్టడాల మరమ్మతుకు ఆ సమాధానం ఎలా ఉపకరిస్తుందో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. కొట్టడం, అరగదీయడం

రాతిని రూపుదిద్దే పద్ధతులు ప్రధానంగా రెండు. ఉలి, సుత్తి దెబ్బకు రాయి పెచ్చులుగా ఊడుతుంది. సానకు రాయి పొడిగా అరుగుతుంది. మొదటిదానికి బలం, రెండవదానికి కాఠిన్యం ఆధారం. అరగదీసే పదార్థం అరిగేదానికంటే గట్టిదైతే చాలు. మోస్ కొలమానంలో (1812) వజ్రం 10, కురువిందం 9, స్ఫటికపు ఇసుక 7. మదనికలను చెక్కిన నల్లరాయి డోలరైట్‌లోని ప్రధాన ఖనిజాలు 5, 6 స్థానాల దగ్గర ఉంటాయి. అంటే దానిని తొలచడానికి వజ్రం అవసరం లేదు. తడి ఇసుక గానీ కురువిందపు పొడి గానీ, తిప్పడానికి ఒక కడ్డీ, ఓర్పు ఉంటే సరిపోతుంది. కురువిందం దూరపు వస్తువూ కాదు. డోర్నకల్‌కు పొరుగునున్న ఖమ్మం జిల్లాలోని గొబ్బగుర్తి ప్రాంతంలో అది లభిస్తుంది. ఆంగ్లంలోని ‘కోరండం’ అనే పేరు కూడా ద్రావిడ భాషల నుంచి వెళ్ళినదే. కాకతీయ శిల్పులు ఏ పొడి వాడారన్నది రాతి జాడలను పరీక్షించి తేల్చవలసిన విషయం. యంత్రం తప్పనిసరి అన్న వాదం మాత్రం కాఠిన్యపు లెక్క ముందు నిలవదు.

2. వజ్రపు పొడి: రత్నం నుంచి రాతికి

తిరిగే చక్రానికి వజ్రపు పొడి పూసి అరగదీయడం దక్కనుకు కొత్త కాదు. 17వ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, గోల్కొండకు ఐదు రోజుల ప్రయాణ దూరంలోని ఒక గని వద్ద ఉక్కుచక్రాల మీద వజ్రాలకు సానపట్టే పనివారిని చూసి, నూనెతో కలిపి వజ్రపు పొడిని ధారాళంగా వాడటాన్ని వర్ణించాడు. అతని యాత్రాగ్రంథం 1676లో వెలువడింది. అయితే అంత విలువైన పొడి రత్నానికే గాని గుడి స్తంభానికి దక్కేది కాదు. ఈ పరిస్థితిని మార్చినది కృత్రిమ వజ్రం. 1954 డిసెంబరులో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో అది తయారైంది. 1955లో ఆ సంస్థ దానిని ప్రకటించింది. తరువాతి దశాబ్దాలలో వజ్రపు రజను పారిశ్రామిక సరుకుగా మారి శిల్పి పనిముట్ల పెట్టెలోకి చేరింది.

నేటి ‘డైమండ్ బిట్’ నిర్మాణం సరళమైనది. ఉక్కు కాడ కొనకు విద్యుత్తు ద్వారా నికెల్ పూత పోసి, అందులో వజ్రపు రేణువులను ఒక వరుసగా పట్టి ఉంచుతారు. అది ఉలిలా కొట్టదు, గీరుతుంది. అందుకే గట్టిగా అదమకుండా, నీటితో చల్లబరుస్తూ పనిచేయాలి. రేణువులు రాలిపోతే ఉలివలె మళ్ళీ పదును పెట్టుకునే వీలులేదు, మొననే మార్చాలి. పొడిగా రాచినప్పుడు లేచే గ్రానైటు ధూళిలో స్ఫటికం ఉంటుంది. అది ఊపిరితిత్తులలో సిలికోసిస్ వ్యాధికి కారణం. నీరు పనిముట్టునే కాదు, శిల్పినీ కాపాడుతుంది.

3. డోర్నకల్ సాక్ష్యం

భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆధ్వర్యంలో నిర్మితమైన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. గుడి మంటపాన్ని తలపించే చెక్కడపు రాతిస్తంభాలు, గుమ్మటాలు, మినార్లు అందులో కలసి ఉన్నాయి. శైలీ సమ్మేళనానికి ఉదాహరణగా దీనిని పేర్కొనడం పరిపాటి. పనిముట్ల చరిత్రకు దీని తేదీ అంతకంటే ముఖ్యం. చవకైన వజ్రపు రజను రావడానికి పదిహేనేళ్ళకు పైగా ముందే ఇది పూర్తయింది. కనుక ఇక్కడి స్తంభాలపై నేటి వజ్రపు మొన విడిచే సన్నని వంపు గీతలు కనిపిస్తే, అవి తరువాతి మరమ్మతువి అనడానికి బలమైన ఆధారం ఉంటుంది. తేదీ తెలిసిన ఈ ఉపరితలం, తేదీ తెలియని ఇతర చెక్కడాలతో పోల్చి చూడటానికి కొలబద్ద కాగలదు.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి: వజ్రపు మొన కొత్తదైనా, అరగదీసే సూత్రం పాతది. మారినది పొడి ధర, చక్రం వేగం. పాత రాతి మీద ఉలి జాడ కూడా శాసనంతో సమానమైన ఆధారం. మరమ్మతు పేరుతో గ్రైండరు పెట్టి నునుపు చేసిన క్షణంలో అది చెరిగిపోతుంది, తిరిగి రాదు. కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఏటవాలు వెలుతురులో ఉపరితలాన్ని ఛాయాచిత్రాలలో భద్రపరచాలి. ఉలి, సాన, బరమా వంటి మాటలను పనివారి నోట విని, వాటి వాడుకతో సహా నమోదు చేసే బాధ్యత తెలుగు శాఖలది. పనిముట్టు చేయి మారినప్పుడు ముందుగా మరుగయ్యేది దాని పేరే.