తుంగభద్ర ఎడమకాలువ క్రింది తెలుగు క్యాంపులు – చౌడుభూముల చరిత్ర

కర్ణాటకమందలి గంగావతి, సింధనూరు ప్రాంతములలో ఊరిపేరు చివర "క్యాంపు" అను మాట తరచుగా వినబడును. 1953లో తుంగభద్ర జలాశయము నిండి కాలువలకు నీరు వచ్చిన పిదప, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతు కుటుంబములు అచటి నల్లరేగడి భూములను కొని, పొలముల నడుమనే గుడిసెలు వేసికొనిరి. నాడు ఆ సీమ హైదరాబాదు రాష్ట్రములోనిది; 1956 నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరినది. తాత్కాలికమునకై పెట్టుకొన్న పేరు తరములు గడచినను నిలిచియున్నది.

వారి కష్టమును గూర్చి సంఘసభలలో పలువురు చెప్పుదురు. చెప్పనిది వేరొకటి కలదు. ఈ కాలువ ముఖ్యముగా ఆరుతడి పంటలకై ఉద్దేశింపబడినది. కొద్దిపాటి నీటితో ఎక్కువ భూమిని కరవునుండి కాపాడుట దాని లక్ష్యము. డెల్టానుండి వచ్చినవారికో, సేద్యమన్న వరియే! ఎగువన వరిమళ్లు విస్తరింపగా దిగువనున్న మాన్వి, రాయచూరు రైతులకు నీరు చాలకపోయెను. ఎగువవారికిని పూర్తి మేలు కలుగలేదు. రేగడినేలలో నీరు త్వరగా ఇంకదు, ఇంకినది త్వరగా పోదు. కాలువ ఊటయు మడినీరును కలిసి భూగర్భజలమును పైకి తెచ్చెను. ఎండకు తడి ఆవిరి కాగా, ఉప్పు మాత్రము నేలపై తెల్లగా మిగిలెను. తుంగభద్ర ఆయకట్టులో ఇట్లు చెడిన భూమి సుమారు 96 వేల హెక్టార్లని అంచనా.

ఉప్పుచౌడునకు మందు మంచినీరే. నీరు నిలిపి ఉప్పును క్రిందికి కడుగవలెను. కారుచౌడునకైతే జిప్సము కూడ కావలెను. అందలి కాల్షియము మట్టిని పట్టిన సోడియమును వదలించును. జీలుగను పెంచి పచ్చిగానే కలియదున్నుట రైతులెరిగినదే. కాని కడిగిన నీరు పోవుటకు దారి లేనిచో ఇవన్నియు వ్యర్థము. 1990ల చివర నెదర్లాండ్సు సహకారముతో నడచిన ఒకే పథకమున గంగావతి, బాపట్ల శాస్త్రజ్ఞులు పాల్గొనిరి. ఇచట గుండూరులోను, ఆంధ్రదేశమున కోనంకి, ఉప్పుగుండూరులలోను చిల్లుల గొట్టములను భూమిలో పాతి ఉప్పునీటిని వెలికి తీసిరి. విడిచివచ్చిన సీమకును చేరిన సీమకును తెగులొక్కటే యైనది.

కాలువనీటిని తూమువద్ద ఎవరిమట్టుకు వారు అందుకొనవచ్చును. మురుగునీరట్లు కాదు, అది ప్రక్కవాని పొలము మీదుగా వాగునకు పోవలసినదే. ఆ ప్రక్కవాడు క్యాంపు రైతు కావచ్చును, తరతరాల కన్నడ కాపు కావచ్చును. అతడు దారి ఇయ్యక, ఏటేట పూడిక తీయుటకు చేయి కలుపకున్నచో గొట్టములున్నను నీరు వెనుకకే తన్నును.